లినక్స్ సిస్టమ్‌కి యాంటీవైరస్ కావాలా, కావాలంటే ఏది, ఎలా పెట్టుకోవాలి

దిల్‌సుఖ్‌నగర్‌లో మా బావకి ఒక జిరాక్స్ షాపు ఉంది, చుట్టూ అన్నీ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లే. షాపులో మూడు పాత సిస్టమ్‌లు, మూడూ విండోస్ 10 మీద నడిచేవి. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్ట్ అయిపోయింది, విండోస్ 11 ఏమో ఆ పాత ప్రాసెసర్లకి ఎక్కదు, ఒకేసారి మూడు కొత్త సిస్టమ్‌లు కొనాలంటే మాటలా, అందుకని ఒక ఆదివారం నేనే కూర్చుని మూడింట్లోనూ విండోస్ బదులు లినక్స్ మింట్ (లినక్స్‌లో ఒక రకం) వేసిచ్చాను. ప్రింటర్ దొరికింది, స్కానర్ దొరికింది, బావ సంతోషంగానే ఉన్నాడు. సాయంత్రం షట్టర్ దించేటప్పుడు అడిగాడు, "బామ్మర్దీ, అంతా మంచిగుంది గానీ ఇందులో యాంటీవైరస్ ఏది?"

"లినక్స్‌కి వైరస్‌లు రావు బావా" అనేసి వచ్చేశాను. అదే మాట చాలామంది చెప్తారు, నేనూ చాలా ఏళ్లు నమ్మాను. నెల తిరక్కుండా ఒక అమ్మాయి షాపుకొచ్చి, ఇక్కడ ప్రాజెక్ట్ రిపోర్ట్ కాపీ చేయించుకున్నాక నా ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయి అన్నా అని దాదాపు ఏడ్చినంత పని చేసింది. షాపు సిస్టమ్ శుభ్రంగానే ఉంది, దానికేం కాలేదు. కానీ ఆ అమ్మాయి టీమ్‌లో ఇంకో అబ్బాయి పెన్ డ్రైవ్‌లోంచి ఫోల్డర్ మొత్తం డెస్క్‌టాప్ మీద వేసి, అక్కడి నుంచి ఈ అమ్మాయి పెన్ డ్రైవ్‌లోకి కాపీ కొట్టారు, దాంతోపాటు వైరస్ ఫైలూ వెళ్లిపోయింది. మన మెషిన్ అడ్డుకోలేదు, చేతులు మార్చింది అంతే. ఆ రోజు నుంచి ఈ విషయం సీరియస్‌గా తీసుకుని కూర్చున్నా, అదంతా వరసగా రాస్తున్నా, మీ ఇంట్లోనో ఆఫీసులోనో లినక్స్ ఉంటే ఇలాగే చేస్కోండి. కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తాను, టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీ) మాత్రం ఇంగ్లీషులో, అన్నీ చిన్న అక్షరాలతో కొట్టాలి, హైఫన్ అని రాసిన చోట గీత, చుక్క అన్న చోట చుక్క.

ముందు యాంటీవైరస్ పేర్లు వెతకడం ఆపి ఒక ప్రశ్న వేస్కోండి: నా సిస్టమ్‌లోకి ఫైళ్లు ఎవరి దగ్గర్నుంచి వస్తున్నాయి, నా దగ్గర్నుంచి ఎవరికి పోతున్నాయి? ఏది వాడాలనేది ఈ జవాబు మీదే ఆధారపడుతుంది. ఇంట్లో ఒక్కరే వాడే ల్యాప్‌టాప్, బ్రౌజరు, యూట్యూబు, కొంచెం కోడింగు, పెన్ డ్రైవ్ ఏడాదికి ఒకసారి పెట్టేవాళ్లయితే వైరస్ స్కానర్ వేయకపోయినా పర్లేదు, కింద చెప్పే అప్‌డేట్ల సంగతి గట్టిగా చూస్కుంటే చాలు. షాపు, ఆఫీసు, కాలేజీ ల్యాబ్ లాంటివి, అంటే విండోస్ వాళ్లతో రోజూ ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే చోట్లయితే స్కానర్ ఉండాల్సిందే, అది మన కోసం కాదు, అవతలి వాళ్ల కోసం. మూడో రకం, అద్దెకి సర్వర్ తీసుకుని సొంత సైట్ నడిపేవాళ్లు. వాళ్లు పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) కీతో లోపలికెళ్లడం, ఫెయిల్2బ్యాన్ (పదేపదే తప్పు పాస్‌వర్డ్ కొట్టేవాళ్లని ఆపే టూల్) పెట్టడం ముందు చేయాలి, యాంటీవైరస్ తర్వాతి మాట. సర్వర్లది పెద్ద కథ, ఇక్కడ పెట్టట్లేదు.

లినక్స్‌కి అసలు ప్రమాదమే లేదా అంటే ఉంది, కాకపోతే వచ్చే దారి వేరు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రాం) లక్షల సంఖ్యలో సీసీటీవీ కెమెరాలని, రౌటర్లని పట్టేసింది, వాటిల్లో ఉండేది లినక్సే, అది లోపలికొచ్చింది కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌ని ఎవరూ మార్చకపోవడం వల్ల. అదే ఏడాది ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వాళ్ల సొంత సైట్‌నే హ్యాక్ చేసి 17.3 సిన్నమన్ ఎడిషన్ ఐఎస్‌ఓ (సిస్టమ్ ఇన్‌స్టాల్ చేసే ఫైలు) బదులు బ్యాక్‌డోర్ (దొంగలు దూరే దొడ్డిదారి) ఉన్న ఐఎస్‌ఓ లింక్ పెట్టారు. ఇంకోటి మనలాంటివాళ్లకి బాగా దగ్గరిది, ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్ కథ: 2020 నుంచి 2022 దాకా ఆ సైట్‌కి వెళ్లిన లినక్స్ వాళ్లలో కొందరికి అసలు ప్యాకేజీ బదులు దొంగ డెబ్ ఫైలు వచ్చేది, అది బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు, క్రిప్టో వాలెట్లు ఎత్తుకుపోయేది, 2023 సెప్టెంబర్‌లో కాస్పర్‌స్కీ వాళ్లు చెప్పేదాకా ఈ సంగతి బయటికి రాలేదు. ఇవన్నీ చూస్తే ఏం అర్థమవుతుంది, ఇక్కడ వైరస్ దానంతటది గాల్లోంచి ఎగిరొచ్చి పడదు, మనమే గూగుల్‌లో వెతికి ఏదో సైట్‌లోంచి తెచ్చి, పాస్‌వర్డ్ కొట్టి మరీ లోపలికి పిలుస్తాం.

అందుకే మొదటి పని అప్‌డేట్లు. మింట్‌లో అప్‌డేట్ మేనేజర్ తెరిచి ప్రిఫరెన్సెస్‌లో ఆటోమేషన్ అనే చోట ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్ చేయండి, ఉబుంటు అనే ఇంకో రకం లినక్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్లు మామూలుగా ఆన్‌లోనే ఉంటాయి. నెట్ అయిపోతుందనో, టైం పడుతుందనో అప్‌డేట్ వాయిదా వేసేవాళ్లకి ఒక్కటి చెప్తా. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ టూల్‌లో ఎవరో రెండేళ్లకి పైగా ఓపిగ్గా నమ్మకం సంపాదించి బ్యాక్‌డోర్ పెట్టారని బయటపడింది, 5.6.0, 5.6.1 వెర్షన్లలో. దాన్ని పట్టుకున్నది ఏ యాంటీవైరసూ కాదు, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్, ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని తవ్వుకుంటూ పోయాడు. ఆయన చెప్పాక మిగతావాళ్లని కాపాడింది అప్‌డేటే. అది చాలావరకు టెస్టింగ్ వెర్షన్లలోనే ఉండగా దొరికిపోయింది, అందుకే బావ షాపు లాంటి చోట్ల ఎప్పుడూ ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్లు సపోర్ట్ ఉండే) వెర్షనే వేయండి, సరికొత్తది కావాలనే ఆరాటం పని సిస్టమ్ మీద వద్దు.

రెండో పని, సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి తెస్తున్నారో చూసుకోవడం. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో దొరికేది అక్కడి నుంచే వేస్కోండి, అందులోకి వచ్చేవాటికి సంతకం ఉంటుంది, ఆ సంతకం సరిపోకపోతే సిస్టమే ఒప్పుకోదు. అయినా స్టోర్‌లో ఉందంటే మొత్తం మంచిదే అనుకోవద్దు, ఉబుంటు వాళ్ల స్నాప్ స్టోర్‌లో 2018లో గేమ్ పేరుతో క్రిప్టో మైనర్ (మన సిస్టమ్‌ని వాడుకుని వాళ్లకి క్రిప్టో సంపాదించే ప్రోగ్రాం) దూరింది, ఆర్చ్ అనే ఇంకో లినక్స్ వాళ్ల ఏయూఆర్‌లో 2025 జూలైలో ఫైర్‌ఫాక్స్ ప్యాచ్ అంటూ దొంగ ప్యాకేజీలొచ్చాయి, ఇవి రెండూ ఎవరైనా అప్‌లోడ్ చేయగలిగే చోట్లు. యూట్యూబ్ వీడియోలో చూసి "కర్ల్" తో మొదలై "సుడో బ్యాష్" తో ముగిసే లైన్ ఒకటి కాపీ చేసి పేస్ట్ చేస్తుంటారే, ఆ అలవాటు మానేయండి, దాని అర్థం ముక్కూ మొహం తెలియనోడికి ఇంటి తాళం చెవి ఇవ్వడమే. ఐఎస్‌ఓ డౌన్‌లోడ్ చేసినప్పుడు "ఎస్‌హెచ్ఏ256సమ్" కమాండ్ ఇచ్చే నంబర్‌ని సైట్‌లో ఉన్న నంబర్‌తో పోల్చి చూడండి, కుదిరితే జీపీజీ అనే డిజిటల్ సంతకం కూడా, ఎందుకంటే సైట్‌నే హ్యాక్ చేసినోడు దాని పక్కనున్న నంబర్ మార్చడం ఎంతసేపు.

ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లని ఆపేది) ఒక్క నిమిషం పని, టెర్మినల్‌లో "సుడో యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్", అయిపోయింది. మింట్‌లో అయితే మెనూలో ఫైర్‌వాల్ అని కొట్టి స్విచ్ ఆన్ చేసినా అదే.

ఇప్పుడు స్కానర్ దగ్గరికొద్దాం. ముందు ఏవి వేస్కోకూడదో చెప్తాను, ఎందుకంటే పాత వ్యాసాలు చూసి మోసపోయేది ఇక్కడే. "లినక్స్‌కి టాప్ 10 యాంటీవైరస్‌లు" అని వెతికితే ఇప్పటికీ సోఫోస్ ఫ్రీ, ఈసెట్ నాడ్32, ఎఫ్-ప్రాట్, కొమోడో అని వస్తూనే ఉంటాయి. ఎఫ్-ప్రాట్ 2021లో ఆగిపోయింది, ఈసెట్ వాళ్ల ఆ లినక్స్ డెస్క్‌టాప్ యాంటీవైరస్ 2022 ఆగస్టులో, సోఫోస్ ఫ్రీది 2023 జూలైలో, కొమోడో అయితే ఎప్పటివో పాత ఉబుంటుల దగ్గరే నిలిచిపోయింది. ఆగిపోయిన యాంటీవైరస్ అంటే రిటైరైన వాచ్‌మన్‌ని గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టడమే, పైగా అది రూట్ పర్మిషన్‌తో (సిస్టమ్ మీద పూర్తి అధికారం) నడుస్తుంది కాబట్టి అందులోనే ఒక లొసుగు ఉంటే ఇంకో ప్రమాదం. మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌కి లినక్స్ వెర్షన్ ఉంది గానీ అది కంపెనీలకి, ఒక అడ్మిన్ కూర్చుని చూసుకునే చోటికి, ఇంటికి కాదు.

ఇంకో జాగ్రత్త, డబ్బులకి సంబంధించింది. ఆ అమ్మాయి విషయం జరిగాక నేను వెళ్లేలోపే బావ కంగారుపడి అమీర్‌పేటలో ఒక షాపులో ఏడొందలు పెట్టి ఏడాది కీ కొనుక్కొచ్చాడు, లినక్స్ అని చెప్పినా "అన్నింట్లో నడుస్తది సార్" అన్నారట. తీరా చూస్తే అది విండోస్‌కి మాత్రమే, డబ్బా చించాక వాపస్ లేదన్నారు. కొనేముందు డబ్బా వెనక సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్ అనే చోట మీ డిస్ట్రో (మింట్, ఉబుంటు లాంటి లినక్స్ రకం) పేరు, వెర్షన్ నంబర్‌తో సహా ఉందో లేదో మీ కళ్లతో చదవండి, లేకపోతే అక్కడే వదిలేసి వచ్చేయండి.

మాలాంటివాళ్లకి మిగిలేది క్లామ్‌ఏవీ. ఓపెన్ సోర్స్, ఫ్రీ, సిస్కో వాళ్ల టాలోస్ టీమ్ నడిపిస్తుంది, మెయిల్ సర్వర్లలో అటాచ్‌మెంట్లు తనిఖీ చేయడానికి ఏళ్ల తరబడి వాడుతున్నారు. దాని సిగ్నేచర్లలో (తెలిసిన వైరస్‌లని పట్టే గుర్తులు) చాలావరకు విండోస్ మాల్వేర్‌వే, అది లోపం అని కొందరంటారు, మన పనికి సరిగ్గా అదే కావాలి. ఒకటి మాత్రం తెలిసి వేస్కోండి, పెద్ద కంపెనీల పెయిడ్ యాంటీవైరస్‌లతో పోలిస్తే సరికొత్తవాటిని పట్టడంలో ఇది వెనకే. క్లామ్‌ఏవీ ఏమీ లేదంది అంటే తెలిసినవేవీ దొరకలేదని, అంతవరకే.

ఇన్‌స్టాల్ ఇలా: "సుడో ఆప్ట్ అప్‌డేట్", తర్వాత "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ క్లామ్‌ఏవీ". దాంతోపాటే ఫ్రెష్‌క్లామ్ అనేది వస్తుంది, సిగ్నేచర్లు తెచ్చేది అదే, వెనకాల సర్వీస్‌గా దానంతటదే నడుస్తుంది. చాలామంది ఇక్కడ తొందరపడి "సుడో ఫ్రెష్‌క్లామ్" కొడతారు, లాగ్ ఫైల్ లాక్ చేయలేకపోయా అని ఎర్రర్ వస్తుంది, పాడైపోయిందని పరేషాన్ అవుతారు. ఏం కాలేదు, వెనకాల సర్వీస్ ఆల్రెడీ ఆ పనిలోనే ఉంది. టీ తాగి రండి, అప్పటికి దించేస్తుంది. చేత్తోనే చేయాలంటే "సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ క్లామ్‌ఏవీ-ఫ్రెష్‌క్లామ్" కొట్టి, ఫ్రెష్‌క్లామ్ నడిపి, మళ్లీ అదే లైన్‌లో స్టాప్ బదులు స్టార్ట్ పెట్టి కొట్టండి.

ర్యామ్ సంగతి ఇక్కడే చెప్పాలి. క్లామ్‌డీ అని ఒక డీమన్ (వెనకాల ఎప్పుడూ నడుస్తూ ఉండే ప్రోగ్రాం) ఉంది, వేరేగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి, అది సిగ్నేచర్లన్నీ మెమరీలో పెట్టుకుని కూర్చుంటుంది, స్కాన్ వెంటనే మొదలవుతుంది. కానీ దానికే ఒక జీబీకి పైన తినేస్తుంది, కొత్త సిగ్నేచర్లు లోడ్ చేసుకునేటప్పుడు కాసేపు ఇంకా ఎక్కువ. 4 జీబీ సిస్టమ్‌లో అది పెడితే బ్రౌజర్ తెరుచుకోవడానికి కూడా సతాయిస్తుంది, నేను బావ కౌంటర్ సిస్టమ్‌లో పెట్టి రెండ్రోజుల్లో తీసేశాను. 4 జీబీ అయితే క్లామ్‌ఏవీతో వచ్చే మామూలు క్లామ్‌స్కాన్ కమాండ్ చాలు, ప్రతిసారీ మొదలవడానికి కొంచెం టైం తీసుకుంటుంది, ఓర్చుకోండి. 8 జీబీ ఉండి, రోజుకి పదుల పెన్ డ్రైవ్‌లు వస్తాయంటే డీమన్ పెట్టుకుని "క్లామ్‌డీస్కాన్" వాడండి, దానికి రెండు హైఫన్లు పెట్టి "ఎఫ్‌డీపాస్" అని తగిలించడం మర్చిపోవద్దు, లేకపోతే మీ ఫైళ్లు చదవడానికి పర్మిషన్ లేదని గొడవ చేస్తుంది.

పెట్టాక పనిచేస్తుందో లేదో పరీక్షించాలి. ఐకార్ అని ఒక టెస్ట్ ఫైలు ఉంది, 68 అక్షరాల టెక్స్ట్, అసలు ఏ హానీ చేయదు, కానీ యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరస్‌లాగే పట్టుకోవాలని ముందే ఒప్పందం. ఐకార్ సైట్ నుంచి దించి స్కాన్ చేయండి, పేరు పక్కన ఫౌండ్ అని రావాలి. రాలేదంటే సిగ్నేచర్లు ఇంకా దిగలేదన్నమాట.

ఇక రోజూ చేసే పని, పెన్ డ్రైవ్. కస్టమర్ ఇవ్వగానే పెట్టండి, ఏదైనా ప్రోగ్రాం రన్ చేయాలా అని సిస్టమ్ అడిగితే వద్దు అనండి. పెన్ డ్రైవ్ ఫోల్డర్ తెరిచి, ఖాళీ చోట రైట్ క్లిక్ కొట్టి ఓపెన్ ఇన్ టెర్మినల్, అక్కడ "క్లామ్‌స్కాన్ హైఫన్ ఆర్ హైఫన్ ఐ చుక్క". ఆర్ అంటే లోపలి ఫోల్డర్లు కూడా, ఐ అంటే దొరికినవే చూపించు, చుక్క అంటే ఈ ఫోల్డరే. చివర్లో ఇన్ఫెక్టెడ్ ఫైల్స్ పక్కన సున్నా ఉంటే ప్రింట్ కొట్టేయొచ్చు. పెద్ద పెద్ద ఫైళ్లని ఇది డిఫాల్ట్‌గా లోపలికెళ్లి చూడకుండానే వదిలేస్తుంది, సినిమాలకి పర్లేదు గానీ పెద్ద జిప్ అయితే సున్నా వచ్చింది కదా అని నమ్మేయకండి.

స్కానర్ కంటే ముందు కళ్లు కూడా వాడండి, ఈ విషయంలో లినక్స్ మనకి చాలా మేలు చేస్తుంది. షార్ట్‌కట్ వైరస్ విండోస్‌లో అసలు ఫోల్డర్లని దాచేసి అదే పేరుతో షార్ట్‌కట్ పెడుతుంది. లినక్స్ ఆ దాపరికాన్ని పట్టించుకోదు, దాచిన ఫోల్డరూ కనిపిస్తుంది, పక్కనే ఎల్ఎన్‌కే అని తోక ఉన్న దొంగ షార్ట్‌కటూ కనిపిస్తుంది. ఒక్కోసారి పేరే లేనట్టు ఉండే ఫోల్డర్ ఒకటి కనిపిస్తుంది, పిల్లల డేటా మొత్తం అందులోనే ఉంటుంది, కాబట్టి విండోస్‌లో అన్నీ పోయాయని ఎవరైనా బెంగపడుతుంటే ముందు మీ లినక్స్ సిస్టమ్‌లో పెట్టి చూడండి. బావ షాపులో ఇలా ఎంతమంది ప్రాజెక్టులు వెనక్కి దొరికాయో, ఫార్మాట్ కొట్టేయమని చెప్పేవాళ్ల మాట వినుంటే అన్నీ పోయేవి.

ఏదైనా దొరికితే వెంటనే డిలీట్ చేయొద్దు. రిమూవ్ అనే ఆప్షన్ ఉంది, వాడకండి, తప్పుగా పట్టుకున్నది కస్టమర్ సర్టిఫికెట్ అయితే మళ్లీ రాదు. హోమ్‌లో అనుమానం అని ఒక ఫోల్డర్ చేసి, రెండు హైఫన్లతో "మూవ్" ఆప్షన్ ఇచ్చి దాంట్లోకి పంపండి, పెన్ డ్రైవ్ వాళ్లకి చూపించి చెప్పి మరీ చేయండి, వాళ్ల వస్తువు అది. నిజమా కాదా అనుమానముంటే వైరస్‌టోటల్ సైట్‌లో పెడితే పదుల యాంటీవైరస్‌లు ఒకేసారి చూసి చెప్తాయి. కానీ అక్కడ పెట్టిన ఫైలు సెక్యూరిటీ కంపెనీలకి కూడా అందుతుంది, కాబట్టి ఎవరి ఆధార్ కార్డో, మార్క్స్ మెమోనో దాంట్లో ఎప్పుడూ పెట్టకండి. ఈఎక్స్ఈ లాంటివి పర్లేదు.

వైన్ వేసుకుని విండోస్ సాఫ్ట్‌వేర్లు నడిపేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్త. పాత తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్ కోసమని చాలామంది వేస్తారు. వైన్‌లో జెడ్ డ్రైవ్ అని ఉంటుంది చూడండి, అది మీ సిస్టమ్ మొత్తానికి తలుపు, వైన్‌లో నడిచిన వైరస్ మీ హోమ్ ఫోల్డర్‌లో మీరు ముట్టుకోగలిగినవన్నీ తానూ ముట్టుకోగలదు. వైన్ సెట్టింగ్స్‌లో డ్రైవ్స్ అనే చోట ఆ జెడ్ తీసేసి, పని ఫైళ్ల ఫోల్డర్ ఒక్కదాన్ని వేరే అక్షరంతో ఇవ్వండి. పూర్తి గోడ కాదది, కానీ ఏమీ లేకుండా వదిలేయడం కంటే నయం.

షాపులో కస్టమర్లే కూర్చుని మెయిల్ తెరిచే సిస్టమ్ ఉంటే దానికి గెస్ట్ సెషన్ పెట్టండి, మింట్‌లో లాగిన్ విండో సెట్టింగ్స్‌లో ఉంటుంది, లాగౌట్ కాగానే వాళ్ల ఫైళ్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఎంసెట్ హాల్ టికెట్ల టైంలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడుండే పిల్లల కార్డులు, ఫోటోలు చూస్తే నాకు వైరస్ కంటే అదే భయమేసింది.

వీటన్నిటికీ దొరకనిది ఒకటుంది, చలాన్ అనో బ్యాంక్ కేవైసీ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైలు. లినక్స్ డెస్క్‌టాప్‌లో అది మామూలుగా నడవనే నడవదు, కానీ అదే మనిషి ఫోన్‌లో నొక్కితే డబ్బులు పోతాయి. అలా జరిగితే ఆలోచించకుండా వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆ నంబర్ ప్రింట్ తీసి బావ కౌంటర్ అద్దానికి అంటించాం.

ఇక వారానికోసారి, బావ ఆదివారం పొద్దున చేస్తాడు, "క్లామ్‌స్కాన్" పక్కన రెండు హైఫన్లు పెట్టి "వెర్షన్" అని కొట్టండి. ఒక్క లైన్ వస్తుంది, చివర్లో తేదీ ఉంటుంది, సిగ్నేచర్లు ఎప్పటివో ఆ తేదీ చెప్తుంది. అది నిన్నటిదో మొన్నటిదో అయితే సరే. వారాల కిందటిది అయితే ముందు నెట్ చూడండి, నెట్ బాగానే ఉంటే మీ క్లామ్‌ఏవీ వెర్షనే పాతదై ఉంటుంది, గడువు తీరిన వెర్షన్లకి వాళ్లు సిగ్నేచర్లు ఇవ్వడం ఆపేస్తారు, అప్పుడు డిస్ట్రోనే కొత్త ఎల్‌టీఎస్‌కి మార్చుకోవాలి. తేదీ సరిపోయాక హోమ్ ఫోల్డర్ మొత్తానికి ఒక స్కాన్ పెట్టేసి టిఫిన్‌కి వెళ్లండి.